తాతగారి కాలి హార్మోనియం: సవరణా, సంరక్షణా?

వారసత్వంగా పొలం వస్తే దున్నుకొంటాము. ఇల్లు వస్తే పుచ్చిపోయిన దూలాన్ని తీసి కొత్తది వేయిస్తాము. ఇందులో ధర్మసందేహానికి తావు లేదు. ఒక వాద్యం సంక్రమించినప్పుడు మాత్రం చిక్కు మొదలవుతుంది. వాయించకపోతే అది వట్టి కట్టెపెట్టె. వాయించడానికి వీలుగా మార్చితే, అది పెద్దలు వాయించిన వాద్యమేనా అన్న ప్రశ్న పుడుతుంది. ఈ రెంటి నడుమ ఎక్కడ నిలవాలో తేల్చుకోవలసిన అవసరం ఈ మధ్య మా కుటుంబానికి కలిగింది. ఆ ప్రయత్నంలో మా ప్రాంతపు నాటక చరిత్రను, వాద్యాల చరిత్రను కొంత తిరగవేయవలసి వచ్చింది. ఇళ్ళలో పాత వాద్యాలున్న సహృదయులకు ఉపయోగపడగలదని ఆ విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

వివాదాస్పదమైన వస్తువు మా పెద్దనాయనగారి కాలి హార్మోనియం. ఆయన ఆదోని, ఎమ్మిగనూరు పరిసర గ్రామాలలో పద్యనాటకాలు నేర్పిన హార్మోనిస్టు. కుర్చీలో కూర్చుండి, రెండు పాదాలతో తొక్కుతూ, రెండు చేతులతోనూ వాయించే పెట్టె అది. మూడున్నర స్థాయిలు, రెండు వరుసల ఇత్తడి రీడ్లు. లెక్కపెడితే ఎనభైకి పైబడి ఉన్నాయి. పెద్దనాయనగారి తరువాత అది మా అన్నగారికి, ఆయన తదనంతరం వారి కుమారునికి చేరింది. అబ్బాయి ఎమ్మిగనూరులో ఉంటూ, తీరిక వేళల్లో భజనలకు, నాటకాలకు వాయిస్తాడు. తాతగారి పెట్టెను మళ్ళీ రంగస్థలం మీదికి తేవాలని అతని కోరిక. మరమ్మతు చేసే పనివాడు నాలుగు మార్పులు సూచించాడు. మొదటిది, రీడ్లన్నింటినీ గీకి నేటి కీబోర్డుల శ్రుతికి దించడం. రెండవది, పాత మెట్ల వరుసను తీసివేసి స్కేల్ ఛేంజర్ వరుసను అమర్చడం. మూడవది, కాళ్ళ చట్రాన్ని కోసివేసి చేతిపెట్టెగా మార్చడం. నాలుగవది, చెక్కకు రంధ్రం చేసి లోపల మైకు బిగించడం. సంగీతం తెలిసిన మిత్రులొకరు ఐదవదాన్ని చేర్చారు: పనిలో పనిగా గాంధార ధైవతాలను స్వచ్ఛస్వరాలుగా దిద్దించమన్నారు.

నేను వెంటనే వద్దన్నాను. అబ్బాయి ఊరుకోలేదు. "మోగని పెట్టెను ఇంట్లో పెట్టుకోని ఏం చేసుకుందాం చిన్నాయనా? తాత దీన్ని పూజకు కొన్లేదు కదా!" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కనుక వద్దనడానికైనా, సరేననడానికైనా కారణం వెదకవలసిన బాధ్యత నాపై పడింది.

ముందుగా ఈ పెట్టె మా ప్రాంతానికి ఎందుకు వచ్చిందో చూడాలి. నేడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని ప్రాంతం, ఎమ్మిగనూరుతో సహా, 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిది. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. కాబట్టి తెలుగు నాటకానికి పుట్టినిళ్ళలో ఒకటైన బళ్ళారి మా పెద్దలకు పొరుగు రాష్ట్రపు పట్టణం కాదు, సొంత జిల్లా కేంద్రం. అక్కడ న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) 1886లో సరస వినోదినీ సభను నెలకొల్పి, తన 'చిత్రనళీయము'తో మొదలుపెట్టి నాటకాలు వ్రాసి ఆడించారు. పాటలను, రాగయుక్తమైన పద్యాలను రంగస్థలానికి అలవాటు చేసినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయనకు ఊరకే రాలేదు. కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) అదే ఊరిలో చారిత్రక నాటకాలు వ్రాసి ప్రదర్శింపజేశారు. ధర్మవరం వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880-1946). రాఘవ నటనకే పెద్దపీట వేసి, రాగాలు సాగదీయడాన్ని నిరసించారు. అంటే నాటకంలో సంగీతం ఎంత ఉండాలన్న తగవు కూడా మా జిల్లాలోనే పుట్టి పెరిగిందన్నమాట. ఇటు కడప సీమలో 1885లో వనారస గోవిందరావు గారితో సురభి నాటక సమాజం ఆరంభమైంది. పడమటి దిక్కున మరాఠీ సంగీత నాటకం, కన్నడ కంపెనీ నాటకం విస్తరిస్తున్న కాలమది. ఈ మూడు భాషల గాలులూ కలిసే చోట ఆదోని ఉన్నది. 1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు వద్ద కలిసినవి. ఆ దారిలోనే ఉన్న ఆదోని నుంచి పత్తి బొంబాయికి వెళ్ళేది. బొంబాయి సరుకులు తిరుగుదారిలో వచ్చేవి.

హార్మోనియం పుట్టుక ఐరోపాలో. పారిస్ నగరంలో అలెగ్జాండర్ డెబెయిన్ అనే వాద్యనిర్మాత 1840ల తొలినాళ్ళలో దీనికి రూపమిచ్చి ఆ పేరుతో హక్కు పొందాడు. తిత్తిలోని గాలి ఇత్తడి నాలుకను కదిలిస్తే స్వరం పుడుతుంది, సూత్రం ఇంతే. మిషనరీల వెంట, దొరల ఇళ్ళ వెంట అది ఇక్కడికి చేరింది. 19వ శతాబ్ది చివరి పాదంలో కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్, నేలపై కూర్చుండి ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ రెండవ చేత్తో వాయించే చేతిపెట్టెను రూపొందించాడని ప్రసిద్ధి. గమనించండి: ఈ దేశంలో హార్మోనియం చరిత్ర సవరణతోనే మొదలైంది. అయితే ఘోష్ గారు ఒక పాత పెట్టెను కోయలేదు. కొత్తదాన్ని చేశారు. ఈ భేదం ముందుముందు మనకు అక్కరకు వస్తుంది.

రంగస్థలానికి మాత్రం చాలాకాలం కాలి హార్మోనియమే తగినదైంది. మైకులు లేని రోజుల్లో, తెల్లవారుదాకా సాగే నాటకంలో, వేలాది జనానికి వినపడాలంటే రెండు కాళ్ళ గాలి, రెండు చేతుల పని కావలసివచ్చాయి. వేదిక ముందు ఒక పక్క కాలి హార్మోనియం, దాని సరసన తబలా. పల్లెటూరి నాటకంలో హార్మోనిస్టు ఒట్టి పక్కవాద్యగాడు కాడు. నెలల తరబడి ఊరిలో మకాం వేసి, పగలు పొలంపని చేసుకొని వచ్చిన రైతుకు, మగ్గం దిగివచ్చిన నేతగానికి రాత్రిపూట పద్యం నేర్పేవాడు ఆయనే. అక్షరం రానివారికి నోటిపాఠంగా సీసపద్యం చెప్పి, యతి దగ్గర ఎక్కడ ఊపిరి తీయాలో, సమాసాన్ని ఎక్కడ విరవకూడదో నేర్పేవాడు ఆయనే. ఛందస్సు చదువుకొన్న నాబోటివారు తరగతి గదిలో చెప్పలేకపోయిన సంగతులు కొన్ని ఆ మాస్టర్లు పెట్టె ముందు కూర్చోబెట్టి చెప్పగలిగారు.

ఇక ఈ వాద్యంపై వచ్చిన అభియోగాన్ని చూద్దాము. సంగీత విద్వాంసుల దృష్టిలో హార్మోనియం అపరాధాలు రెండు. ఒకటి, మెట్టుకు మెట్టుకు మధ్య జారుడు లేదు కనుక గమకం పలకదు. రెండు, దాని స్వరస్థానాలు సహజమైనవి కావు. స్థాయిని 1200 సెంట్లుగా భాగిస్తే, సహజమైన అంతర గాంధారం షడ్జానికి 386 సెంట్ల ఎత్తున ఉంటుంది. తంబురా తీగను శ్రద్ధగా వింటే అందులోనే ఆ గాంధారం వినిపిస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో పన్నెండు స్వరాలనూ సమానంగా పంచిన హార్మోనియంలో అదే గాంధారం 400 సెంట్ల వద్ద పలుకుతుంది. పద్నాలుగు సెంట్ల హెచ్చు శిక్షితమైన చెవికి ముల్లులా గుచ్చుకొంటుంది. పంచమంలో తేడా రెండే సెంట్లు. అది పట్టించుకోదగ్గది కాదు. ఈ లోపాన్ని దిద్దడానికి మహారాష్ట్రంలో కె.బి. దేవల్, ఇ. క్లెమెంట్స్ అనే ఇద్దరు పూనుకొని 1911 ప్రాంతంలో 22 శ్రుతుల హార్మోనియం చేయించారు. శాస్త్రబద్ధమైన ప్రయత్నమే గాని ప్రచారంలోకి రాలేదు. చివరకు 1940లో ఆకాశవాణి తన సంగీత కార్యక్రమాల నుంచి హార్మోనియాన్ని బహిష్కరించింది. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు.

ముప్ఫై ఏళ్ళకు పైగా రేడియో తలుపులు మూసుకొన్న ఆ కాలంలోనే మా పెద్దనాయనగారు రాత్రివేళల్లో ఊరూరా ఆ పెట్టె తొక్కారు. విద్వాంసులు తప్పన్న గాంధారంతోనే జనం ఒన్స్ మోర్ అన్నారు. దీనికి కారణం జనానికి చెవి లేకపోవడమని కొందరంటారు. నేను చాలాకాలం ఆలోచించి చూడగా కారణం వేరుగా తోచింది. అది పెట్టె మూత లోపలే అంటించి ఉంది.

మెట్ల వరుసకు పైన, మూత లోపలి అంచున, సన్నని కాగితపు పట్టీ ఒకటి జిగురుతో అంటించి ఉన్నది. దానిపై పెద్దనాయనగారి చేతివ్రాతతో కొన్ని మెట్లకు ఎదురుగా ఒక్కొక్క అక్షరం. ఒకచోట 'హ', మరొకచోట 'చం', ఇంకొకచోట 'న', ఆపైన 'వి'. సత్య హరిశ్చంద్ర నాటకం ఎరిగినవారికి వివరించనక్కరలేదు: హరిశ్చంద్రుడు, చంద్రమతి, నక్షత్రకుడు, విశ్వామిత్రుడు. ఏ పాత్రధారి ఏ శ్రుతిలో పాడతాడో, ఎవరు ప్రవేశించగానే ఏ మెట్టును షడ్జంగా పట్టుకోవాలో ఆ పట్టీ చెబుతుంది. హరిశ్చంద్రుడు నాలుగున్నర శ్రుతి, చంద్రమతి ఐదున్నర, నక్షత్రకుడు నాలుగు. మైకు లేని గొంతు జనం చివరి వరుస దాకా చేరాలి గనుక అంత ఎత్తు శ్రుతులు. సరిగా ఆ మెట్లే అరిగి నొక్కులు పడి ఉన్నాయి. ఒకటి, రెండు శ్రుతుల మెట్లు దాదాపు కొత్తవిగా ఉన్నాయి.

ఇప్పుడు మిత్రులు సూచించిన స్వచ్ఛ గాంధారాన్ని ఈ పట్టీ పక్కన పెట్టి చూడండి. ఒక షడ్జానికి సహజస్వరాలుగా దిద్దిన పెట్టె ఆ ఒక్క షడ్జానికే సహజం. షడ్జం మారిస్తే లెక్క తప్పుతుంది. ఒకటి శ్రుతికి సహజస్వరాలు పెట్టించి, రెండు శ్రుతిని షడ్జంగా తీసుకొంటే, దాని పంచమం 22 సెంట్లు దిగి పలుకుతుంది. గాంధారంలో 14 సెంట్లు తప్పని దిద్దబోయి పంచమంలో 22 సెంట్ల తప్పు కొనితెచ్చుకొన్నట్లు. కచేరీ గాయకుడు రాత్రంతా ఒకే శ్రుతిలో పాడతాడు. అతనికి అటువంటి పెట్టె చాలు. నాటకంలో ఒక పద్యం నాలుగున్నర శ్రుతిలో ముగుస్తుంది, మరుక్షణంలో జవాబు పద్యం ఐదున్నరలో మొదలవుతుంది. పన్నెండు మెట్లలో దేనినైనా షడ్జంగా పట్టుకొనే వెసులుబాటు, ఏ షడ్జానికైనా ఒకే కొలత తప్పు, ఇవి సమాన విభాగంతోనే సాధ్యం. విద్వాంసులు దోషమన్నదే నాటకానికి ప్రాణవాయువైంది. ఒక్క గొంతు కోసం గాక పదిమంది గొంతుల కోసం చేసిన సర్దుబాటు అది. ఆ దోషాన్ని దిద్దితే పెట్టె శాస్త్రీయమవుతుందేమో గాని, నాటకానికి పనికిరాదు.

స్కేల్ ఛేంజర్ విషయమూ ఇంతే. అందులో మెట్ల వరుస మొత్తం రీడ్లపై పక్కకు జరుగుతుంది. ఎవరి శ్రుతి ఏదైనా వాయించేవాడు ఒకేచోట వేళ్ళు పెట్టి వాయించవచ్చు. సౌకర్యంగా ఉంటుంది, సందేహం లేదు. ఆ వరుస బిగిస్తే ఈ అరిగిన మెట్లు పోతాయి, వాటికి ఎదురుగా ఉన్న అక్షరాలకు అర్థం పోతుంది. ప్రసిద్ధ నటుల పద్యాలు గ్రామఫోను రికార్డుల్లో, పక్కకు మూడు నిమిషాల చొప్పున, మిగిలాయి. మా పల్లెల్లో పాడిన రైతులకు, నేతగాళ్ళకు ఏ రికార్డూ లేదు, ఏ రేడియో పట్టికా లేదు. వారి గొంతు ఎత్తు ఎంతో చెప్పే లిఖితాధారం, నాకు తెలిసి, ఈ కాగితపు పట్టీ ఒక్కటే. శాసనం చెక్కిన రాతిని గుమ్మానికి మెట్టుగా వేసుకొన్న ఊళ్ళను చూసి నొచ్చుకొనే మనం ఇంట్లోని శాసనాన్ని చెరిపివేయవచ్చునా?

ఇంతమాత్రం చేత అసలు మార్పే కూడదనడం చరిత్రకు విరుద్ధం. నేటి సరస్వతీ వీణకు 24 మెట్లు స్థిరపడినది తంజావూరును 1600 నుంచి 1634 వరకు ఏలిన రఘునాథ నాయకుని ఆస్థానంలోనని సంప్రదాయం చెబుతుంది. తెలుగు కవి, సంగీతజ్ఞుడు అయిన ఆ రాజు పేరు మీదే ఒక వీణామేళం ప్రసిద్ధమైనది. అంతకు పూర్వం రాగాన్ని బట్టి మెట్లు జరుపుకొనేవారు. ఇక వయొలిన్ సంగతి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య వయొలిన్ నేర్చి మన సంగీతానికి దానిని మలిచారు. ఆయన బాటలో నడిచినవారు వాద్యంలో ఏమి మార్చారో చూడండి. తీగలను షడ్జ పంచమాలకు శ్రుతి చేశారు. నిలబడి భుజాన పెట్టుకొనేదాన్ని, కూర్చుండి పాదం మీద ఆనించుకొన్నారు. చెక్కను ముట్టలేదు. ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) గారి వయొలిన్ తీగలను మళ్ళీ పాశ్చాత్య పద్ధతికి బిగిస్తే అది క్షణంలో పాశ్చాత్య వాద్యమవుతుంది. ఇంత గొప్ప విప్లవం చీలలు తిప్పడంతో, కూర్చునే తీరు మార్చడంతో సాధ్యమైందంటే ఆశ్చర్యమే కదా.

ఐరోపాలోనే ఇందుకు విరుద్ధమైన కథ ఉంది. స్ట్రాడివరీ వంటి మహాశిల్పులు చేసిన వయొలిన్లకు 19వ శతాబ్దంలో మెడలు మార్చారు. మెడను పొడిగించి, వాలు పెంచి, లోపలి దూలాన్ని దిట్టం చేశారు. పెద్ద సభాశాలల్లో వినపడాలంటే తీగ బిగువు పెరగాలి. ఆ మార్పే లేకపోతే అవి నేటికీ వేదికలపై మోగేవి కావు. అదే సమయంలో ఆ శిల్పి తన వాద్యం ఎలా మోగాలని తలచాడో తెలుసుకొనే వీలు దాదాపు పోయింది. 1690లో మెడిచి వంశం కోసం ఆయన చేసిన పెద్ద వయొలా ఒకటి మార్పు లేకుండా ఫ్లారెన్సులో మిగిలి ఉండబట్టి, పరిశోధకులు దాని వద్దకు పరుగెత్తుతున్నారు. అన్నింటినీ మార్చితే కొలతకు కూడా ఒకటి మిగలదన్నది ఇందులోని పాఠం.

మన కాలానికి దగ్గరగా రండి. పాత ఎలక్ట్రిక్ గిటార్లు వారసత్వంగా వచ్చిన అమెరికా కుటుంబాలలో సరిగ్గా ఇదే వాదన సాగుతుంటుంది. గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ పేరుతో తెచ్చిన గిటార్లకు ఒక రకం పికప్‌లు ఉండేవి. 1957లో హమ్ లేని కొత్త రకం వచ్చింది. తరువాతి కాలంలో పాత గిటార్ల చెక్కను తొలిచి కొత్త పికప్‌లు బిగించుకొన్నవారు ఎందరో. ఆనాడు అవి సెకండ్ హ్యాండ్ సరుకే. నేడు తొలచని వాటికే గిరాకీ. మరొక పక్క ఎరిక్ క్లాప్టన్ అనే కళాకారుడు 1950ల నాటి మూడు ఫెండర్ గిటార్ల భాగాలు కలిపి ఒకటి చేయించుకొని ఏళ్ళ తరబడి వాయించాడు. ఆ అతుకుల గిటారే 2004 వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. మార్పు విలువను చంపుతుందని గాని, పెంచుతుందని గాని సూత్రం చేయలేమని దీనివల్ల తెలుస్తుంది. మార్చిన చేయి ఏ సంగీతం కోసం మార్చిందన్నది చూడాలి.

ఇందుకు తెలుగువారి ఉదాహరణ మన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014). పాలకొల్లులో పుట్టి, ఆరేళ్ళ ప్రాయంలో తండ్రిగారి మాండలిన్ చేతబట్టిన బాలుడు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటగానే నాదం ఆరిపోతుంది. జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌ను స్వీకరించి, జతలకు బదులు ఒంటి తీగలు ఉంచి, మంద్రస్థాయి కోసం ఐదవ తీగను చేర్చారు. నాదం నిలిచింది, గమకం పలికింది, కర్ణాటక సంగీతానికి ఒక కొత్త వాద్యం దక్కింది. ఆ మార్పు తప్పనిసరి అవసరం నుంచి పుట్టింది. ఏది పలకడం లేదో ముందు తెలుసుకొని, దానికోసమే మార్చారు. ప్రపంచంలోని మామూలు మాండలిన్లకు దానివల్ల హాని కలుగలేదు.

మా ఊళ్ళలోనే ఉన్న మరొక నిదర్శనం మగ్గం. ఎమ్మిగనూరు నేతకు పేరుపడిన ఊరు. మాచాని సోమప్పగారి పూనికతో 1938లో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడి వేలాది కుటుంబాలకు ఆధారమైంది. గుంట మగ్గంలో ఒకనాడు నాడెను ఒక చేత్తో విసిరి మరొక చేత్తో అందుకొనేవారు. ఇంగ్లండులో జాన్ కే 1733లో కనిపెట్టిన, తాడు లాగితే పరుగెత్తే నాడె 20వ శతాబ్ది ఆరంభ దశాబ్దాలలో మన మగ్గాలకు చేరింది. దానికోసం ఎవరూ గుంట పూడ్చలేదు, మగ్గాన్ని నరకలేదు. పలక మార్చి, రెండు కొసల నాడె పెట్టెలు చేర్చారు. నేసే గుడ్డ నెంబరును బట్టి పన్నె మారుస్తారు. పాత పన్నెను చూరులో భద్రంగా దోపి ఉంచుతారు. మళ్ళీ ఆ రకం గుడ్డ నేయవలసి వస్తే అది కావాలి కదా. నేతగాని ఇంట పుట్టిన మర్యాద ఇది. అరిగేది మార్చు, అమరేది చేర్చు, తీసినదాన్ని దాచు.

భాషాపండితుల లోకంలోనూ ఇదే మర్యాద ఉంది. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ (1798-1884) వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించినప్పుడు ఎన్నో ప్రతులను సేకరించి, పండితులచేత సరిపోల్చించి, తనకు తోచిన పాఠాన్ని స్థిరపరచారు. ఆ పాఠం మనకు నచ్చకపోవచ్చు. కాని తప్పని తోచిన అక్షరాన్ని ఆయన తాళపత్రం మీదనే గీకివేయలేదు. పరిష్కరణ కాగితం మీద జరిగింది, పాత ప్రతి పాత ప్రతిగానే ఉన్నది. కనుకనే తరువాతివారు ఆయనతో విభేదించగలిగారు. మూలం మిగిలినంతవరకే పరిష్కర్తకు గౌరవం.

ఈ విచారణ అంతా చేసి, పెట్టె దగ్గర కూర్చుండి, అబ్బాయితో కలిసి ఒక్కొక్క సూచనను పరిశీలించాను. తీసిన తరువాత తిరిగి పెట్టగలమా? ఇదే మా ప్రశ్న.

తిత్తి తోలు చీకిపోయి గాలి కారుతున్నది. తొక్కుడు పట్టాలు తెగినవి. మెట్ల కింది బనాతును చిమ్మటలు తిన్నవి. ఇవి అరిగిపోవడానికే పుట్టిన భాగాలు; పెద్దనాయనగారే రెండు మూడుసార్లు మార్పించిన గుర్తులు లోపల ఉన్నాయి. వీటిని నిస్సంకోచంగా కొత్తవి వేయించాలని నిర్ణయించాము. మూడు రీడ్లు విరిగి ఉన్నాయి. వాటి స్థానంలో పాత పెట్టెల నుంచి తీసిన సమానమైనవి వేసి, విరిగినవాటిని చీటీ కట్టి చిన్న డబ్బాలో పెట్టె అడుగునే ఉంచుతాము.

రీడ్లన్నింటినీ గీకడం మాత్రం కూడదు. రీడు కొస దగ్గర గీకితే స్వరం హెచ్చుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఎటు గీకినా పోయిన ఇత్తడి తిరిగి రాదు. మా పెట్టె ఆరు శ్రుతి, ఫోనులో కొలిస్తే, సెకనుకు 447 కంపనాలు చూపింది. నేటి కీబోర్డులు 440 ప్రమాణానికి ఉంటాయి. ఈ 440 కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1939లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశం సిఫారసు చేసిన సంఖ్య. అంతకు ముందు దేశానికొక శ్రుతి, కంపెనీకొక శ్రుతి. ఇరవై ఏడు సెంట్ల ఈ తేడా పక్కన కీబోర్డు మోగితే అసహ్యంగా వినబడుతుందన్న అబ్బాయి మాట నిజమే. అప్పుడు నేను అడిగాను: నీ కీబోర్డుకు శ్రుతి మార్చే మీట లేదా? ఉంది. రెండు మూడు సార్లు నొక్కి దానిని 447కు ఎక్కించాడు. రెండూ కలిసి మోగాయి. ఎనభై రీడ్లను గీకవలసిన పని ఒక మీటతో తీరింది. కొత్త వాద్యానికి ఒదిగే గుణం పుట్టుకతోనే ఉంది, పాతదానికి లేదు. ఒదగగలిగినదే ఒదగాలి. తబలా ఎలాగూ సుత్తి దెబ్బతో సర్దుకొంటుంది.

మైకు కోసం రంధ్రం అక్కరలేదు. వెనుకవైపు చిన్న స్టాండు మీద మైకు నిలిపితే సరిపోతుందని వాయించి చూశాము. స్కేల్ ఛేంజర్ వద్దనుకొన్నాము. కాళ్ళ చట్రం కోయడం గురించి అబ్బాయి పట్టుబట్టాడు. బస్సులో, ఆటోలో తీసుకొనిపోవడం కష్టమని. అతని ఇబ్బంది తీసివేయదగినది కాదు. తాతగారి కాలంలో ఎద్దులబండి ఇంటి ముందుకు వచ్చేది. అందుకు మేము చేసుకొన్న ఏర్పాటు ఇది: భజనలకు, ప్రయాణాలకు స్కేల్ ఛేంజర్ ఉన్న కొత్త చేతిపెట్టెను కొనడం, దాని ఖర్చులో సగం నా పింఛను నుంచి ఇవ్వడం, ఎమ్మిగనూరులో, చుట్టుపక్కల ఊళ్ళలో నాటకం ఆడినప్పుడు మాత్రం కాలిపెట్టెను బండి మాట్లాడి తీసుకొనిపోవడం. వద్దని చెప్పే పెద్దవాడు ఆ వద్దనడం వల్ల పడే భారంలో పాలు పంచుకోవాలి. లేకపోతే సంరక్షణ అనే మాట పిల్లల నెత్తిన మూట అవుతుంది.

ఒక్క మార్పుకు మాత్రం నేను సంతోషంగా అంగీకరించాను. మూత లోపలి పాత పట్టీ అలాగే ఉంటుంది. దానిని ఫోటో తీసి ఉంచాము. దాని కింద, చెక్కకు అంటించకుండా రెండు చిన్న క్లిప్పులతో, అబ్బాయి తన కాగితం ఒకటి నిలిపాడు. నేటి పాత్రధారులు మైకు ముందు పాడతారు గనుక వారి శ్రుతులు తాతల కన్నా దిగువన ఉన్నాయి. 'హ' అక్షరం నాలుగున్నర నుంచి రెండున్నరకు దిగింది. రాబోయే సంవత్సరాలలో ఇంతకాలం కొత్తగా ఉండిపోయిన మెట్లు అరగడం మొదలవుతుంది.